జావా టేకు: 1862లో దొరికిన ఒకే ఒక్క చేప

తీరపు గాలి
శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్తాను. ఈ వారం మృదులాస్థి చేపల పాఠం నడుస్తుండగా ఒక పిల్లవాడు లేచి, "మేడమ్, మనుషుల వల్ల పూర్తిగా అంతరించిపోయిన సముద్రపు చేప ఏదైనా ఉందా?" అని అడిగాడు. ఉంది అని చెప్పి, ఇంటికొచ్చాక దాని గురించి మళ్లీ కూర్చుని చదివాను. అప్పట్నుంచి అది మనసులోంచి పోవడం లేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

అది ఒక టేకు. టేకు అనగానే చాలామందికి చెట్టే గుర్తొస్తుంది. మన తీరంలో మాత్రం పళ్లెంలా పరుచుకుని, తోక మీద ముల్లుతో ఉండే చేపను టేకు అంటారు. నేను చెప్పేది మన సముద్రంలోది కాదు, ఇండోనేషియాలో జావా ఉత్తర తీరానిది. శాస్త్రీయ నామం యూరోలోఫస్ జావానికస్. ఇంగ్లిష్‌లో జావా స్టింగరీ. స్టింగ్‌రే కాదు, స్టింగరీ. అది వేరే కుటుంబం.

1862 జూలైలో ఎడ్వర్డ్ ఫాన్ మార్టెన్స్ అనే జర్మన్ జంతుశాస్త్రజ్ఞుడు అప్పటి బటేవియా, అంటే ఇప్పటి జకార్తా, చేపల మార్కెట్లో ఒక చిన్న టేకును సేకరించాడు. ఆయన ప్రష్యా ప్రభుత్వం తూర్పు ఆసియాకు పంపిన నౌకాయాత్రలో వచ్చినవాడు. అసలు నత్తలు, గవ్వల మీద పేరున్న మనిషి. 1864లో దాన్ని కొత్త జాతిగా వర్ణించి ప్రచురించాడు. అంతే. ఆ తర్వాత ఆ చేపను ఎవరూ చూడలేదు. ఈ జాతి గురించి మనకు తెలిసిందంతా ఆ ఒక్క ఆడచేప చెప్పిందే. 2023 డిసెంబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, అదే ఐయూసీఎన్, తన రెడ్ లిస్టులో దీన్ని "అంతరించింది" అని చేర్చింది. మనిషి చేతుల మీదుగా అంతరించినట్టు ప్రకటించిన మొదటి సముద్రపు చేప ఇదేనని ఆ మదింపు చేసిన వాళ్లు చెప్పారు.

దాని ఒంటి గురించి తెలిసినంత రాస్తాను. తోక చివరిదాకా కొలిస్తే 33 సెంటీమీటర్లు. స్కూలు పిల్లల స్కేలు కన్నా కాస్త పొడుగు. పళ్లెం గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా నిలువుగా సాగి ఉంటుంది, ముక్కు దగ్గర కొసదేలి ఉంటుంది. పైన గోధుమ రంగు, అందులో ముదురువీ లేతవీ మసక చుక్కలు. అడుగు తెలుపు. రెండు ముక్కు రంధ్రాల మధ్య నుంచి నోటి మీదికి చిన్న తెరలాంటి చర్మం వేలాడుతుంది, దాని అంచు కుచ్చులు కుచ్చులుగా ఉంటుంది. తోక మీద రంపపు పళ్ల ముల్లు, ముల్లుకు సరిగ్గా ముందు ఒక చిన్న రెక్క, తోక కొసన ఆకులాంటి ఇంకో రెక్క.

మన రేవుల్లో దొరికే టేకులు చాలావాటికి తోక కొరడాలా సన్నగా పోతుంది, కొసన ఏమీ ఉండదు. స్టింగరీలకు తోక పొట్టి, కొసన రెక్క. చూడగానే తెలిసే తేడా అదే.

---

సోనా బోటు
శనివారం, రాత్రి 10:02

మేడమ్ గారూ, నా పేరు శీను. కాకినాడలో 11 ఏళ్లు సోనా బోటు, అంటే వల ఈడ్చే మరబోటు మీద కలాసీగా చేశాను. ఇప్పుడు ఒడ్డునే ఐసు పని చూసుకుంటున్నాను. టేకులు వేల సంఖ్యలో చూసుంటాను. తోక కొసన రెక్క ఉన్న టేకు మాత్రం నా కంట ఎప్పుడూ పడలేదు.

వల బోటు మీద గుమ్మరించగానే మేం ముందు వెతికేది టేకునే. దాని తోక నరికి సముద్రంలో పారేశాకే మిగతా చేపల మీద చెయ్యి వేస్తాం. నన్ను ఒకసారి కొట్టింది. అరచేయంత పిల్ల టేకు, రొయ్యల కింద దాక్కుని ఉంది, కనపడలేదు. చీలమండ పక్కన దిగింది. గాయం చూస్తే చిన్నదే, నొప్పి మాత్రం తొడ దాకా పాకింది. మా సరంగు, అంటే బోటు నడిపే పెద్ద, వంట పొయ్యి మీద నీళ్లు కాచి నా కాలు అందులో పెట్టించాడు. కాసేపటికి గాలి పీల్చగలిగాను.

నాకో సందేహం. ఒక్కటే దొరికింది కదా, అది వేరే టేకుల్లోనే కాస్త తేడాగా పుట్టిన పిల్ల ఎందుకు కాకూడదు?

---

పల్లె వైద్యుడు
శనివారం, రాత్రి 10:31

ముందు వేడినీళ్ల సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే ఇది చదివేవాళ్లలో వేటకు వెళ్లేవాళ్లు ఉంటారు. మీ సరంగు సరిగ్గా చేశాడు శీను. ఆ ముల్లు రెండు పక్కలా అడుగున గాడులుంటాయి, విషాన్ని తయారుచేసే కణజాలం అక్కడే ఉంటుంది. పైన పల్చటి తొడుగు. ముల్లు దిగినప్పుడు ఆ తొడుగు చిరిగి విషం కండలోకి పోతుంది. వేడి తగిలితే నొప్పి బాగా తగ్గుతుంది. చర్మం కాలకుండా తట్టుకోగలిగినంత వేడి, 45 డిగ్రీలు దాటకూడదు. గాయమైన కాలికి నొప్పిలో వేడి సరిగ్గా తెలియదు కాబట్టి ముందు రెండో కాలు పెట్టి చూసుకోవాలి. ముల్లు ముక్క లోపల విరిగిపోవడం మామూలే, కాబట్టి ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లి చూపించుకోవాలి, టెటనస్ ఇంజెక్షన్ వేయించుకోవాలి. ఛాతీలోనో పొట్టలోనో మెడలోనో దిగితే మాత్రం దాన్ని లాగకండి. అలాగే ఉంచి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇక చర్చ కొనసాగించండి, నేనూ చదువుతున్నాను.

---

తీరపు గాలి
శనివారం, రాత్రి 11:05

శీను గారూ, మంచి ప్రశ్న. రంగు తేడాగా పుట్టడం వేరు, అవయవాల కట్టడమే వేరుగా ఉండటం వేరు. తోక కొసన రెక్క, ముల్లు ముందు చిన్న రెక్క, ఆ ముక్కు తెర ఆకారం, ఇవన్నీ కలిసి ఒకే చేపలో పొరపాటున పుట్టవు. ఆ లక్షణాలన్నీ స్టింగరీ కుటుంబానివి. ఆ కుటుంబంలో చాలా జాతులు ఆస్ట్రేలియా చుట్టూ ఉన్నాయి. మార్టెన్స్ చేప వాటిలో దేనితోనూ సరిపోలేదు.

ఇండోనేషియాలో దీనికి ఇంకో చుట్టం ఉంది. చాలెంజర్ అనే బ్రిటిష్ పరిశోధక నౌక కై దీవుల దగ్గర 236 మీటర్ల లోతున పట్టిన స్టింగరీ అది. దాన్ని 1880లో వర్ణించారు. అది లోతు నీటిది. జావా టేకు తీరానిది. జావా సముద్రం సగటు లోతు 50 మీటర్లు కూడా ఉండదు, అడుగు చదునుగా, బురదగా ఉంటుంది. మెత్తటి అడుగున ఒళ్లు కప్పుకుని పడుకునే చేపకు అది చక్కటి ఇల్లు. అడుగు గీకే వలకూ అంతే అనువైన చోటు. పారిపోవడానికి లోతు లేదు, వల చిరిగే రాళ్లు తక్కువ.

---

ప్రశ్నార్థకం
ఆదివారం, ఉదయం 7:20

చదివాను. బాధగానే ఉంది. కానీ నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ఒకే ఒక్క చేపను చూసి ఒక జాతి ఉందన్నారు, మళ్లీ కనపడలేదని పోయిందన్నారు. సముద్రం అంత చిన్నదా?

ఇలాంటిదే ఇంకోటి జరిగింది. టాస్మేనియా దగ్గర స్మూత్ హ్యాండ్‌ఫిష్ అని చేతుల్లాంటి రెక్కలతో అడుగున నడిచే చిన్న చేప. దానిదీ ఒక్క నమూనాయే, 1802లో సేకరించింది. 2020లో అంతరించిందని ప్రకటించారు. మరుసటి ఏడాదే ఆ నిర్ణయం వెనక్కి తీసుకుని, తేల్చడానికి సమాచారం చాలదు అనే వర్గంలో పెట్టారు. మరి జావా టేకు విషయంలో అంత నమ్మకం ఎక్కడిది? తొందరపడి పోయిందంటే ఇక ఎవరూ వెతకరు. నా భయం అదే.

---

తీరపు గాలి
ఆదివారం, ఉదయం 8:45

మీ భయం న్యాయమైనదే. నిజానికి ఐయూసీఎన్ వాళ్లు కూడా తొందరపడలేదు. ఈ టేకు చాలా ఏళ్లు "తీవ్ర ప్రమాదంలో ఉంది" అనే వర్గంలోనే ఉంది. 2021లో ప్రపంచంలోని సొరలు, టేకులన్నిటినీ మదింపు చేసినప్పుడు, వాటిలో మూడో వంతుకు పైగా ప్రమాదంలో ఉన్నాయని తేలింది. అప్పుడు కూడా దీన్ని "బహుశా అంతరించి ఉండవచ్చు" అనే అన్నారు. ఆ మాట 2023లో మారింది. ఆస్ట్రేలియాలోని చార్లెస్ డార్విన్ యూనివర్సిటీకి చెందిన జూలియా కాన్‌స్టన్స్ ఆ మదింపుకు నాయకత్వం వహించారు.

హ్యాండ్‌ఫిష్‌కూ దీనికీ నాకు కనిపించే పెద్ద తేడా వెతుకులాటలో ఉంది. హ్యాండ్‌ఫిష్ అమ్ముడుపోయే చేప కాదు, వలలో పడినా ఎవరూ ఒడ్డుకు తేరు. టేకు అలా కాదు. ఇండోనేషియా ప్రపంచంలోనే సొరల్నీ టేకుల్నీ ఎక్కువగా పట్టే దేశాల్లో ఒకటి. అక్కడ ఎంత చిన్న టేకు పడినా తినేస్తారు, ఎండబెడతారు, అమ్ముతారు. అంటే జావా తీరంలో తిరిగే ప్రతి పడవా ఒక రకంగా వెతుకుతున్నట్టే. 2001 నుంచి అక్కడి రేవుల్లో శాస్త్రవేత్తలు దిగిన చేపల్ని జాతులవారీగా నమోదు చేస్తున్నారు. వేలకొద్దీ టేకులు లెక్కకెక్కాయి. తోక కొసన రెక్క ఉన్న ఈ చేప వాటిలో ఒక్కటీ లేదు.

ఇంకో సంగతి కూడా నాకు గట్టిగా తగిలింది. పీటర్ బ్లీకర్ అని డచ్ సైన్యంలో వైద్యుడు, 1842 నుంచి 1860 దాకా ఆ దీవుల్లోనే ఉన్నాడు. అక్కడి మార్కెట్ల నుంచి, జాలర్ల నుంచి చేపలు తెప్పించుకుని వందల కొద్దీ కొత్త జాతులకు పేర్లు పెట్టాడు. అంత మనిషి చేతికి ఈ టేకు చిక్కి ఉంటే మార్టెన్స్‌కు అది కొత్త జాతి అయ్యేది కాదు. అంటే 1862 నాటికే అది అరుదైపోయిందేమో, లేక చాలా చిన్న చోటుకే పరిమితమైన జాతేమో. ఇది నా ఊహ. కానీ చిన్న చోటులో బతికే జాతి మీద పెద్ద దెబ్బ పడితే ఏమవుతుందో మనకు తెలుసు. 1870ల నాటికే జావా సముద్ర తీరంలో చేపల పట్టు తగ్గడం మొదలైందని మదింపులో రాశారు. అడుగు గీకే వలలు ఈడ్చే పెద్ద పడవలు, ట్రాలర్లు, రావడానికి చాలా ముందటి మాట అది.

---

జకార్తా తెలుగు
ఆదివారం, ఉదయం 10:15

నేను ఆరేళ్లుగా జకార్తాలోనే ఉద్యోగం చేస్తున్నాను. ఈ చేప కథ ఇక్కడిదని ఇన్నాళ్లూ తెలియనే తెలియదు. ఇక్కడ టేకును ఇకాన్ పారి అంటారు. పొగబెట్టింది దొరుకుతుంది, బొగ్గుల మీద కాల్చింది దొరుకుతుంది. మా ఆఫీసు వాళ్లతో ముఆరా అంకె చేపల మార్కెట్‌కు చాలాసార్లు వెళ్లాను. గంపల్లో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, తోకలు కోసేసి. ఇప్పుడు ఆలోచిస్తే, గుర్తుపట్టడానికి పనికొచ్చే భాగమే లేకుండా చేస్తున్నారన్నమాట.

జకార్తా ఖాతం చూస్తే ఆ చేప ఏం పడి ఉంటుందో అర్థమవుతుంది. ఊరి మధ్య నుంచి 13 నదులు వచ్చి అందులో కలుస్తాయి. వాటి నీళ్లు నల్లగా, చెత్తతో వస్తాయి. ఒడ్డు పొడవునా రేవులు, గోదాములు, ఫ్యాక్టరీలు, సముద్రం లోపలికి రాకుండా కట్టిన గోడలు. దాని మీద ఖాతంలో మట్టి పోసి 17 కృత్రిమ దీవులు కడతామన్నారు. 2018లో వాటిలో 13 దీవుల అనుమతులు రద్దయ్యాయి. పాత పటాల్లో మడ అడవులు ఉన్న చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. బురదలో పడుకునే చేపకు ఆ బురదే మిగల్లేదు.

ఇంకొకటి. ఇండోనేషియా ప్రభుత్వం 1980లోనే ట్రాల్ వలల్ని నిషేధించింది. జావా ఉత్తర తీరంలో చిన్న పడవల వాళ్లకూ ట్రాలర్ల వాళ్లకూ కొట్లాటలు ముదిరాక తీసుకున్న నిర్ణయం అది. తర్వాత పేర్లు మార్చుకుని అడుగు గీకే వలలు మళ్లీ వచ్చాయి. ఇక్కడ వాటిని చంత్రాంగ్ అంటారు, వాటి మీద గొడవ ఇప్పటికీ నడుస్తోంది. ఏదేమైనా ఈ టేకుకు ఆ నిషేధం ఆలస్యంగానే వచ్చింది.

---

ఉప్పాడ అమ్మాయి
ఆదివారం, మధ్యాహ్నం 2:40

నేను ఎప్పుడూ చదివి వెళ్లిపోతాను, రాయడం ఇదే మొదలు. మా అమ్మ చేపలు అమ్ముతుంది. నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఈ చర్చ చదువుతుంటే ఒక సంగతి గుర్తొచ్చి ఉండలేకపోయాను.

రెండేళ్ల కిందట వేట మళ్లీ తెరిచిన కొత్తలో అమ్మ వేలంలో ఒక పెద్ద టేకు పాడుకుంది. దాని వీపు మా ఇంటి చాటంత వెడల్పు. తోక బోటు మీదే నరికేశారు. తోపుడు బండి మీదకి ఎత్తడానికి దాన్ని గచ్చు మీద తిరగేశారు. తెల్లటి పొట్ట, నవ్వుతున్నట్టుండే నోరు, దాని కింద అటు అయిదు ఇటు అయిదు మొప్పల చీలికలు. పొట్ట ఎత్తుగా ఉంది. చూస్తుండగానే తోక మొదట్లోంచి ఒక చుట్టలాంటిది జారి గచ్చు మీద పడింది. నేను పేగు అనుకున్నాను. అది మెల్లగా విప్పుకుంది. పిల్ల టేకు. రెండు పక్కలూ పైకి మడిచి, దోసె చుట్టినట్టు చుట్టుకుని ఉన్నది కాస్తా పరుచుకుంది. అచ్చం తల్లే, నా అరచేయంత. తోక మాత్రం ఒంటికి రెండింతలు పొడుగు. తోక మీద ముల్లు కూడా ఉంది, మెత్తటి పొర కప్పుకుని. తాకితే గుచ్చుకోలేదు. తర్వాత ఇంకోటి వచ్చింది.

మా బకెట్లో సముద్రపు నీళ్లు పోసి రెండింటినీ వేశాను. అడుగున పడుకున్నాయి. కళ్ల వెనక రెండు రంధ్రాలు మూస్తూ తెరుస్తూ ఉన్నాయి. అమ్మ ఏమీ అనలేదు, బేరం ఆపి కాసేపు నాతో పాటే చూసింది. సాయంత్రానికి రెండూ కదలడం మానేశాయి. ఆ పిల్లలు అప్పుడే పుట్టాల్సినవా మేడమ్, లేక దెబ్బకు వచ్చేశాయా?

---

తీరపు గాలి
ఆదివారం, సాయంత్రం 4:30

అమ్మా, నువ్వు ఇంత బాగా చూసి గుర్తుపెట్టుకున్నందుకు సంతోషంగా ఉంది. మా పిల్లలకు బొమ్మ గీసి చెప్పినా ఇంత తెలియదు.

టేకులు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. పిల్ల ముందు తన గుడ్డులోని సొనతో పెరుగుతుంది. అది అయిపోయాక తల్లి గర్భాశయం గోడల నుంచి సన్నటి పోగులు పెరిగి, వాటి నుంచి పాలలాంటి ద్రవం ఊరుతుంది. పిల్లలు ఆ ద్రవం తాగి పెరుగుతాయి. చేప కడుపులో పాలు అంటే క్లాసులో ఎవరూ నమ్మరు, కానీ నిజం. పుట్టేటప్పుడు నువ్వు చెప్పినట్టే చుట్టుకుని వస్తాయి. ముల్లు మీది పొర తల్లికి దెబ్బ తగలకుండా ఉండటానికి.

ఆ పిల్లలు ఏ రోజున పుట్టాల్సినవో చెప్పలేను గానీ, వలలో పడి నలిగిన టేకులు, సొరలు నెలలు నిండకుండానే పిల్లల్ని వదిలేయడం చాలా జాతుల్లో ఉంది. స్టింగరీలు ఇందులో మరీ సున్నితం. వల పైకి లాగి బోటు మీద వేసేసరికే కడుపు పోతుంది. అంటే జాలరి జాలిపడి తల్లిని తిరిగి నీళ్లలోకి వదిలినా ఆ ఏటి సంతానం పోయినట్టే. పైగా స్టింగరీలు కనేదే ఒకటో రెండో, కాస్త ఎక్కువైతే నాలుగైదు. వంజరంలా లక్షల గుడ్లు పెట్టే చేప పదేళ్లలో కోలుకునే దెబ్బకు, ఏడాదికి రెండు పిల్లల్ని కనే చేప కోలుకోలేదు. జావా టేకు కథకు అసలు కారణం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

ఆ కళ్ల వెనక రంధ్రాలు చూశావు కదా. అడుగున పడుకున్నప్పుడు నోరు బురద వైపు ఉంటుంది కాబట్టి, టేకు పై రంధ్రాలతో నీళ్లు పీల్చి కింది మొప్పల గుండా వదులుతుంది. నీ బకెట్లో అవి చివరిదాకా చేసింది అదే.

---

సోనా బోటు
ఆదివారం, సాయంత్రం 5:12

చెల్లెమ్మ రాసింది నేను బోటు మీద లెక్కలేనన్నిసార్లు చూశాను. కాళ్ల కింద పిల్లలు పడి ఉండేవి. నీళ్లతో కడిగేటప్పుడు పోయేవి. ఒక్కోసారి కదులుతున్న వాటిని చేత్తో తీసి సముద్రంలోకి వేసేవాణ్ణి. అవి బతికాయో లేదో తెలియదు. మా సరంగు మంచివాడు, అతనూ వేసేవాడు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కదా, ఆ 61 రోజులూ మా లాంటి వాళ్లకు పస్తులే అయినా, తెరిచాక మొదటి వారం వలలో తేడా తెలుస్తుంది. సముద్రానికి కాస్త ఊపిరి ఇస్తే అది తిరిగి ఇస్తుంది, అది నా కళ్లతో చూశాను. కానీ మా చిన్నప్పుడు నాన్న తెచ్చే పెద్ద టేకులు ఇప్పుడు రావడం లేదు. వచ్చేవన్నీ చిన్నవే.

---

పాత పుటలు
ఆదివారం, రాత్రి 8:55

నేను విశాఖ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాణ్ణి, చేపల గురించి తెలియదు. కానీ ఈ చర్చకు ఒక సంగతి కలపాలి.

ప్యాట్రిక్ రస్సెల్ అని స్కాట్లాండ్ వైద్యుడు, ఈస్టిండియా కంపెనీ తరఫున మన తీరంలో పనిచేశాడు. పాముల మీద ఆయన చేసిన పని చాలామందికి తెలుసు. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలు, వర్ణనలతో 1803లో ఆయన పుస్తకం వచ్చింది. అందులో ఆయన లాటిన్ పేర్లు పెట్టకుండా ఇక్కడి జాలర్లు చెప్పిన పేర్లే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నాడు. టేకుల దగ్గర వరసగా "టెంకీ" అని ఉంటుంది. వొల్గ టెంకీ, ఇంకా అలాంటివి. ఈ టెంకీ మన టేకే అని నాకు అనిపిస్తుంది. తర్వాత 1841లో ముల్లర్, హెన్‌లే అనే జర్మన్ శాస్త్రజ్ఞులు ఒక చిన్న టేకుకు వాల్గా అని శాస్త్రీయ నామం పెట్టారు. అది రస్సెల్ రాసిన వొల్గ టెంకీ నుంచి తీసుకున్నదే. ఇప్పుడు దాన్ని బ్రెవిట్రైగాన్ వాల్గా అంటారు.

అంటే రెండు వందల ఏళ్ల కిందట విశాఖ ఒడ్డున పేరు తెలియని ఒక జాలరి ఆయన అడిగితే చెప్పిన మాట ఇవాళ ప్రపంచమంతటా శాస్త్ర గ్రంథాల్లో ఉంది. మార్టెన్స్‌కు చేప అమ్మినవాళ్లు దాన్ని ఏమని పిలిచేవారో గానీ, ఆ పేరు మాత్రం మనకు రాలేదు. చేపతో పాటు ఆ పేరు కూడా పోయింది. నాకు అదీ బాధే.

---

బెర్లిన్ నుంచి
సోమవారం, రాత్రి 1:30

బెర్లిన్‌లో చదువుకుంటున్నాను. మార్టెన్స్ తెచ్చిన ఆ చేప ఇక్కడి ప్రకృతి చరిత్ర మ్యూజియం సేకరణలోనే ఉంది. ఆ మ్యూజియంకు నేను పోయిన చలికాలం వెళ్లాను. స్పిరిట్‌లో నిల్వ చేసిన జీవులన్నీ ఒక పెద్ద అద్దాల గదిలో ఉంటాయి. సుమారు 10 లక్షల నమూనాలు, 2,76,000 సీసాలు. గది మసక చీకటిగా, చల్లగా ఉంటుంది, సీసాల్లో పసుపు వెలుగు. బయట నుంచి చుట్టూ నడుస్తూ చూడొచ్చు. చేపల సీసాలు వరసలు వరసలుగా ఉంటాయి, రంగులన్నీ పోయి పాలిపోయి.

నేను ఆ టేకును చూడలేదు. అప్పటికి దాని పేరే తెలియదు. నూటఅరవై ఏళ్ల కిందట ఎవరో ఉదయాన్నే సంతలో పెట్టిన చిన్న చేప, కూరలోకి పోవాల్సింది, ఆ జాతి ఉండేదని చెప్పే ఏకైక సాక్ష్యంగా ఆ భవనంలో ఉందని ఇప్పుడు తెలిశాక మళ్లీ వెళ్లాలనిపిస్తోంది.

---

ప్రశ్నార్థకం
సోమవారం, ఉదయం 7:05

మేడమ్, రేవుల లెక్క గురించి మీరు చెప్పింది ఆలోచించాను. అమ్ముడుపోయే చేప ఇన్నేళ్లలో ఒక్కటీ ఒడ్డుకు రాలేదంటే దానికి అర్థం ఉంది. ఆ మాట ఒప్పుకుంటున్నాను. ఎక్కడో ఒక మూల మిగిలి ఉండాలన్న ఆశ మాత్రం వదులుకోలేను.

మరి మన రేవుల్లో ఆ లెక్క ఎవరు రాస్తున్నారు? మన దగ్గర కూడా ఏదైనా జాతి ఇలాగే పోతే కనీసం పోయిందని చెప్పగలమా?

---

తీరపు గాలి
సోమవారం, రాత్రి 9:20

కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు చాలా ఏళ్లుగా రేవుల్లో దిగుబడి నమోదు చేస్తున్నారు, విశాఖలో వాళ్ల కేంద్రం ఉంది. చట్టం వైపు చూస్తే 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో సొరలు, టేకులు, రంపపు చేపలు కలిపి 10 జాతుల్ని చేర్చారు. అందులో గంగా నది టేకు కూడా ఉంది. వాటిని పట్టడం, అమ్మడం నేరం. కానీ అన్ని రేవుల్లో, అన్ని గంపల దగ్గరా సర్కారు మనుషులు నిలబడలేరు. మనలాంటి వాళ్లు చేయగలిగింది ఉంది.

రేవులో టేకును చూస్తే ఫోన్‌తో ఇలా తీయండి. ఒకటి పై నుంచి నిటారుగా, పళ్లెం మొత్తం పడేలా, పక్కన స్కేలో చేతి పంజానో పెట్టి. రెండోది తిరగేసి, నోరూ ముక్కు తెరా దగ్గరగా. మూడోది తోక. తోక నరికేస్తే సగం గుర్తులు పోతాయి, అందుకే ముల్లు తీసేసినా తోకను ఉంచమని బోటు వాళ్లను అడగాలి. ఏ రేవు, ఏ తేదీ, ఎంత లోతున వేసిన వల అన్నది రాసుకోవాలి. అక్కడి వాళ్లు దాన్ని ఏమంటారో ఆ పేరు తప్పకుండా రాయాలి. పాత పుటలు గారు చెప్పింది చదివాక ఈ చివరిది నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తోంది.

ముల్లు జాగ్రత్త. చచ్చిన టేకు ముల్లు కూడా గుచ్చుకుంటుంది, విషం ఉంటుంది.

---

సోనా బోటు
మంగళవారం, ఉదయం 6:15

తోక విషయం నేను చూసుకుంటాను. ఇద్దరు సరంగులతో మాట్లాడాను. ముల్లు మాత్రం కట్టింగ్ ప్లయర్‌తో విరిచేసి తోక అలాగే ఉంచుతామన్నారు. ఎందుకని అడిగితే జావా సంగతి చెప్పాను. ఒకాయన, "అక్కడ పోయిన టేకు ఇక్కడ దొరికితే మాకు పేరొస్తుందా?" అన్నాడు. తప్పకుండా వస్తుందన్నాను.

---

ఉప్పాడ అమ్మాయి
బుధవారం, ఉదయం 8:50

మేడమ్, ఇవాళ వేలానికి అమ్మతో పాటు వెళ్లాను. టేకులు మూడు రకాలు దిగాయి. రెండింటి ఫొటోలు మీకు పంపాను. ఒకటి వీపంతా చుక్కలున్నది, మా దగ్గర చుక్కల టేకు అంటారు. రెండోది చిన్నది, వీపు మధ్య గరుకుగా పొలుసుల్లా ఉంది, తోక పొట్టి. మూడోది నేను స్కేలు తీసేలోపే వేరే ఆవిడ పాడుకుని ముక్కలు చేయించేసింది. అమ్మ దాన్ని ఇంకో పేరుతో పిలిచింది. నేను ఆ పేరు ఎప్పుడూ వినలేదు. మళ్లీ చెప్పమంటే, "మా అమ్మ అనేది, ఈమధ్య ఆ టేకు రావడం లేదు కదా, పేరే మర్చిపోయాం" అని కాసేపు గుర్తుచేసుకుంది. పలికినట్టే రాసుకున్నాను, ఇంకా ఇద్దరు ముసలమ్మలను అడిగి సరిచూసుకుని ఇక్కడ పెడతాను.

రేపు నాలుగున్నరకే వెళ్తున్నాను, బోట్లు దిగేసరికి.